పట్టుకోవలసిన చేతులు

మెక్సికో నగరం,
మంగళవారం.

ప్రియమైన కూకాకు,

ఇక్కడ నా ఒంటికి ఏ లోటూ లేదు. అక్కడ దురాంగోలో నువ్వూ, అత్తయ్యా, మంచం మీదున్న మీ తమ్ముడూ కాస్త నెమ్మదిగా ఉన్నారని తలుస్తున్నాను. నీ ఉత్తరం అంది రెండు వారాలు దాటింది. జవాబు రాయనందుకు ఈపాటికి నన్ను బాగా తిట్టుకుని ఉంటావు. ఉత్తరం పూర్తిగా చదివాక ఇంకా తిట్టాల్సి వస్తుంది, కొంచెం మిగుల్చుకో.

నువ్వు అడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. అన్నం నీళ్లకి ఇబ్బంది లేదు. పక్కింటి దోన్యా చోలే పొద్దున్నే గిన్నెడు బీన్సూ, గుడ్డలో చుట్టిన మొక్కజొన్న రొట్టెలూ పంపుతోంది. “నువ్వు పొయ్యి ముట్టించావంటే వాడ మొత్తం తగలబడుద్ది, దానికంటే నేను పెట్టడమే నయం” అంటుంది. వాకిట్లో కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ఇంటావిడ బాగుచేయిస్తానంటుంది, మనిషి రాడు. నీ కనారీ పిట్ట మాత్రం నువ్వు వెళ్లినప్పటి నుంచి పాడటం మానేసింది. గింజలు వేస్తే తిని అటు తిరిగి కూర్చుంటుంది. దానికి నా మీద అనుమానమేదో ఉన్నట్టుంది.

ఇక రేడియోలో విన్నానని మీ వీధిలో ఆవిడ చెప్పిన సంగతి. నిజమే. మీ తమ్ముడు లిబోరియో ముసుగు ఇప్పుడు వేరేవాడు వేసుకుంటున్నాడు. ఈలలు ఊదుకుంటూ మా గస్తీ సోదరుల జట్టు ప్రతి ఆదివారం కుస్తీ రింగులోకి వస్తూనే ఉంది. నువ్వు కుట్టిన ఆ నల్ల ముసుగుల కింద ఉన్నది అన్నదమ్ములు కాదు, బావా బావమరుదులని ఇన్నేళ్లలో ఏ ప్రేక్షకుడికీ తెలియలేదు. ఇప్పుడు ఆ బంధుత్వం కూడా లేదని అంతకన్నా తెలియదు.

కుస్తీలు ఏర్పాటు చేసే దోన్ ఫిదెల్ నన్ను పిలిచి, “మీవాడి నడుం అతుక్కునేదాకా జనం కుర్చీల్లో కూర్చుని ఎదురుచూస్తారా ఏంటి? వాళ్లకి కావాల్సింది నుదుటి మీద ఆ పసుపు లాంతరు బొమ్మ. దాని కింద ఎవడుంటే వాళ్లకేం?” అన్నాడు.

“అది వాడి ముసుగండీ. వాణ్ని అడగాలి” అన్నాను.

“అడుగు మరి. నేనొద్దన్నానా?” అన్నాడు.

నేను అడగలేదు. కొత్తవాడి పేరు ఒనేసిమో, పచూకా వాడు. మంచివాడే, కాకపోతే లిబోరియో భుజం దాకా వస్తాడు. మొదటి ఆదివారమే ఆకుల్లో ఉడికించిన తమాలేలు అమ్మే తెంచా నన్ను మెట్ల దగ్గర ఆపి, “ఏం నాయనా, మీ తమ్ముడు వానలో తడిసి కుంచించుకుపోయాడా?” అని అడిగింది. “మా అమ్మ ఉతికి ఎండలో ఆరేసిందిలే” అన్నాను. ఆవిడ పడి పడి నవ్వింది.

డాక్టరు ఎముక అతుక్కుందన్నాడని రాశావు. లేచి నడవచ్చనీ, కొన్నాళ్లకి రింగులోకి కూడా దిగవచ్చనీ అన్నాడు. అయినా లిబోరియో గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. “కాలు జారిందక్కా. రింగు తాడు మీద నిలబడటం చేతకాని కాళ్లతో ఇంకేం కుస్తీ పడతాను? నా ముసుగు ఆ కొత్తోడికే ఇచ్చెయ్యమను బావని” అంటున్నాడు. నీ దగ్గరున్న వాడి రెండో ముసుగు కూడా పంపించమంటావా అని అడిగావు. పంపించొద్దు కూకా. వాడి కాలు జారలేదు.

ఈ మాట ఆసుపత్రి వరండాలో నీకు చెప్పాల్సింది. మీ ఇద్దర్నీ దురాంగో బస్సు ఎక్కించేటప్పుడైనా చెప్పాల్సింది. నువ్వు ఏడుస్తుంటే నీ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను తప్ప నోరు విప్పలేదు.

వాడు పడిన ఆ ఆదివారం తులాన్సింగోలో చివరి పట్టు ఎలా ఉండాలో నలుగురం ముందే అనుకున్నాం. అవతలి జట్టులో బొద్దువాడు నన్ను రింగు కిందికి లాగి, నా ముసుగు పీకుతున్నట్టు చేయాలి. లిబోరియో పై తాడెక్కి వాడి మీదికి దూకాలి. ఆఖరి క్షణంలో వాడు తప్పుకుంటే లిబోరియో వచ్చి నా మీద పడాలి. జనం అయ్యో అంటారు, మేమిద్దరం కలిసి దొర్లుతాం. మాకిది అలవాటైన పని. దూకేవాడు నేల ఎక్కడుందో చూసుకోడు, చూసుకుంటే దూకలేడు. కింద చేతులు ఉంటాయని నమ్ముతాడు, అంతే.

బొద్దువాడు అనుకున్నదానికన్నా గట్టిగా లాగాడు. తల వెనక ముసుగు తాడు పుటుక్కున తెగింది. ముసుగు వదులైపోయి నా గడ్డం బయటపడింది. ఎదురుగా పత్రిక ఫోటోగ్రాఫరు కూర్చుని ఉన్నాడు. మొహం బయటపడిందంటే ఆ పేరుతో మళ్లీ రింగులోకి దిగేది లేదని నీకు నేను చెప్పక్కర్లేదు. మన పెళ్లి ఫోటో కూడా గోడకి తగిలించకుండా పెట్టె అడుగున దాచినదానివి. నా రెండు చేతులూ పైకి పోయి ముసుగుని అదిమి పట్టుకున్నాయి. అప్పటికే లిబోరియో గాల్లో ఉన్నాడు.

నేను వాణ్ని చూశాను కూకా. చూడలేదని చెప్పుకోవాలని చాలాసార్లు అనుకున్నాను, కానీ చూశాను. ముసుగు వదిలేసి చేతులు చాపితే అందేవాడు. నేను చాపలేదు, పైగా ఒక అడుగు వెనక్కి వేశాను. వాడు నా పక్కనుంచి వెళ్లి సిమెంటు మీద పడ్డాడు.

రింగు తాడు తడిసి ఉందన్న మాట ఎవరు పుట్టించారో నీకు తెలియదు. నేనే పుట్టించాను. ఆసుపత్రిలో వాడు నా చెయ్యి పట్టుకుని, “ఎలా పడ్డాను బావా?” అని అడిగాడు. “తాడు తడిగా ఉందిరా, కాలు జారింది” అన్నాను. వాడు తలూపాడు. అప్పటి నుంచి ఆ కాళ్లని తిట్టుకుంటూ పడుకున్నాడు, నేను తిట్టుకోనిచ్చాను.

ఇప్పుడు ఒనేసిమో పై తాడు మీద నుంచి అలాగే దూకుతున్నాడు. వాణ్ని ఒక్కసారి కూడా జారవిడవలేదు. నా చేతులు చక్కగా పనిచేస్తున్నాయి. జనం చప్పట్లు కొడుతున్నప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మొన్న దోన్ ఫిదెల్ దగ్గరికి వెళ్లి, లిబోరియో వస్తే తప్ప గస్తీ సోదరులు ఇక రింగులోకి దిగరని చెప్పాను. “లిబోరియో మాత్రం నీతో దిగుతాడని నీకెవరు చెప్పారయ్యా?” అన్నాడు. ఆయనకి జరిగింది తెలియదు, ఊరికే ఎగతాళికి అన్నాడు. నేను మాత్రం ఆ మాట మోసుకుంటూ ఇంటికొచ్చేశాను.

ఈ ఉత్తరం వాడి పక్కన కూర్చుని గట్టిగా చదువు. మొగుణ్ని కదా అని ఏ ముక్కా మింగెయ్యకు. వాడి కాళ్లకి ఏమీ కాలేదని తెలియాలి, అది తెలిస్తేనే వాడు మంచం దిగుతాడు. దిగి మొట్టమొదట నన్ను తన్నడానికే వస్తాడేమో, రానీ. నీ సంగతే నాకు తెలియడం లేదు. చిన్నప్పటి నుంచి చంకనేసుకుని పెంచిన తమ్ముడు వాడు. ఇది చదివాక నువ్వు ఈ ఇంటికి తిరిగి రావేమోనని భయపడ్డాను, అందుకే రెండు వారాలు కలం పట్టలేదు. ఆ భయం ఇప్పటికీ పోలేదు. అయినా రాస్తున్నాను.

ఇంకొక్కటి మిగిలింది. ఉత్తరం చివర నవ్వుతాలకి రాసినట్టు ఒక మాట రాశావు. ఆసుపత్రిలో స్పృహ రాగానే, నేనింకా లోపలికి రాకముందు, వాడు తన నడుం గురించి కాక “బావ ముసుగు ఊడిందా అక్కా?” అని నిన్ను అడిగాడట. వాడికి నువ్వు ఏం చెప్పావో రాయలేదు. ఇప్పుడు నా మాటగా చెప్పు. ఊడలేదని చెప్పు. రెండు చేతులతో పట్టుకున్నాను కాబట్టి ఊడలేదని చెప్పు.

ఇట్లు,
నీ భర్త, వాడింకా ఒప్పుకుంటే వాడి బావ,
ఎవారిస్తో