నా శవం దగ్గర మామయ్య మాట్లాడకూడదు

మూతపడిన నూలు మిల్లులో దారం చుట్టే వైండింగ్ కార్మికుణ్ని, పేటంతా అగ్గిపుల్ల అని పిలిచే నేను, రేపు పొద్దున్న మిల్లు గేటు ముందు ఆమరణ దీక్షకు కూర్చోబోతూ, మతి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. కోపంలో రాశాడని రేపెవరైనా అంటే, కోపం నిజమే. కోపం మతిభ్రమణం కాదు.

ఒకటి. దీన్ని అమలు జరిపించే బాధ్యత మా అక్కది. "బతికి చెయ్యలేనిది చచ్చి ఏం పొడుస్తావురా?" అంది నన్ను. ఇంకెవరైనా ఆ మాటంటే కొట్టేవాణ్ని. ఈ ఇంట్లో ఎవరికీ భయపడని మనిషి ఆమే కనుక ఆమెనే నియమిస్తున్నాను.

రెండు. నా సైకిలు అక్క కూతురికి. సీటు కిందికి దించి బిగించాను. వెనక బ్రేకు ఒక్కటే పడుతుంది. దిగుడులో జాగ్రత్త తల్లీ.

మూడు. రేకు పెట్టెలోని కరపత్రాలు కార్మిక సంఘం గదికి. వాటిలో చాలామటుకు మా మామయ్య రాసినవే. అమ్మకు సొంత తమ్ముడు, ఒకప్పుడు ఇదే మిల్లులో కార్మికుడు, ఇప్పుడు కార్మిక శాఖ మంత్రి. బడిలో కన్నా ఆ కాగితాల్లోనే నేను ఎక్కువ చదువుకున్నాను. "మిల్లు గేటుకు తాళం వేసేవాడు మన కంచంలో మన్ను పోసినవాడు" అని రాశాడాయన. నాకిప్పటికీ కంఠతా వచ్చు. తాళం వెయ్యడానికి అనుమతిస్తూ సంతకం పెట్టిందీ ఆయనే.

నాలుగు. మామయ్య ఎలా ఎదిగాడో పేటంతటికీ తెలుసు. ఎవరింట్లో చావు జరిగినా అందరికన్నా ముందు చేరేవాడు. ఏడ్చేవాళ్లకు మంచినీళ్లిచ్చేవాడు, శవానికి భుజం పట్టేవాడు. మా నాన్న పోయిన రోజు నన్ను చంకలోంచి దించలేదు. ఆ మంచితనానికే జనం ఓట్లేశారు. ఎమ్మెల్యే అయ్యాక చావు జరిగిన ఇళ్లకు పార్టీ జెండా తేవడం మొదలుపెట్టాడు. మంత్రయ్యాక మైకూ కెమెరా కూడా వచ్చాయి. పోయినవాడు బతికుండగా తనను ఎంత తిట్టిపోసినా సరే, జెండా కప్పి "మా పార్టీ బిడ్డ" అంటాడు. పోయినవాళ్లు లేచి కాదనలేరు కదా.

అందుకని నేను ముందే కాదంటున్నాను. నా ఒంటి మీద ఏ జెండా కప్పరాదు. మైకు పెట్టరాదు. నా పేరు ఏ వీధికీ తగిలించరాదు. ఎందుకు పోయాడని అడిగితే, మిల్లు తెరవలేదు గనుక అని చెప్పాలి. అంతే.

ఐదు. మామయ్యను మా గుమ్మం తొక్కనివ్వరాదు.

ఆరు. ఐదో షరతు రద్దు చేస్తున్నాను. అమ్మకు చదువు రాదు, ఇదంతా చదివి వినిపించాను. సైకిలు దగ్గర కళ్లు తుడుచుకుంది. జెండా దగ్గర సరేనని తలూపింది. ఐదో షరతు దగ్గర లేచి వంటింట్లోకి వెళ్లి, గోడవైపు తిరిగి నిలబడింది. "రేపట్నుంచి నువ్వు తినవు. వాణ్ని రానివ్వవు. నేను పడిపోతే పట్టుకునేదెవర్రా?" అంది.



కాబట్టి మామయ్య రావచ్చు. మంత్రిగా కాదు, అమ్మ తమ్ముడిగా. కార్లూ అనుచరులూ వీధి మొగలోనే ఆగాలి. ఆయన ఒక్క మాటా మాట్లాడకూడదు. అమ్మ పక్కన నేల మీద కూర్చోవాలి. అమ్మ చాలనేదాకా లేవకూడదు.

తేదీ: మిల్లు మూతపడ్డాక వచ్చిన మొదటి ఆదివారం
సంతకం: అగ్గిపుల్ల

సాక్షులు:
ఎదురింటి దర్జీ.
మిల్లు గేటు వాచ్‌మన్. అగ్గిపుల్ల నా ఎదుటే సంతకం పెట్టాడు. వద్దురా అన్నాను, వినలేదు.