తువ్వాలు కప్పిన కెమెరా

ముంబయి,
జూలై 2

ప్రియమైన ఆపాకు తమ్ముడు ముజీబ్ సలాం.

ఫోన్‌లో నేను నీకు సందు ఇవ్వనని, ఏదున్నా ఉత్తరం రాయమని అన్నావు. రాస్తున్నాను. ఇక్కడ సీరియళ్లు ఎడిట్ చేసీ చేసీ ప్రాణం విసిగింది. అత్తగారు ఒక్కసారి కళ్లెర్రజేస్తే మేం మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపిస్తాం. ఇక సినిమాల్లో మనవాళ్లు కనిపిస్తే సుర్మా, అత్తరు, బిర్యానీ. నిజం ఎక్కడుంది ఆపా?

అందుకే నేనే ఒక సినిమా తీస్తున్నాను, నీ మీద. నటన లేదు, పాట లేదు, ఎవరి పక్షమూ లేదు. నా మిత్రుడు యెషయా వచ్చి గదిలో కెమెరా బిగిస్తాడు. ఏడు రోజులు అది చూస్తూ ఉంటుంది. కెమెరాకు అక్కాచెల్లెళ్లు లేరు కదా, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. నువ్వు ఎప్పటిలాగే ఉండు. మిషన్ కుట్టుకో, నమాజు చేసుకో, ఒంటరిగా చాయ్ తాగు.

కాప్రాలో ఉన్న మన ఛోటీ ఆపా షాగుఫ్తాను మాత్రం ప్రత్యేకంగా పిలవకు. తన కూతురు షీబా పెళ్లిలో ఆడవాళ్ల వైపు కెమెరాతో వచ్చానని నలుగురిలో నన్ను బయటికి గెంటింది. మాటల్లేక మూడేళ్లయింది. కాప్రా నుంచి మౌలాలి ఎంత దూరమని? సొంత అక్కను చూడటానికి వస్తుందో రాదో కెమెరాయే చెప్తుంది.

నీ దువా కోరే
ముజీబ్

తా.క. వెలిసిపోయిన ఆ ఆకుపచ్చ చీర కట్టుకో. కొత్త ఫ్రిజ్ మీద దుప్పటి కప్పు. అది నిజంలా కనిపించదు.


మౌలాలి,
జూలై 6

తమ్ముడు ముజీబ్‌కు ఆపా షాహీదా సలాం, దువా.

యెషయా వచ్చాడు. తిని వెళ్లమంటే తిన్నాడు. కెమెరా అలమర మీద బిగించాడు. అది ఖిబ్లా వైపే ఉంది. నమాజుకు నిలబడితే నన్నే చూస్తుంది. అమ్మ ఉన్నప్పుడు క్యాలెండర్ మీద బొమ్మ ఉన్నా తిప్పి పెట్టేది, గుర్తుందా? ఆ వేళకు తువ్వాలు కప్పుతాను.

ఆకుపచ్చ చీర నిరుడే గిన్నెలవాడికి వేశాను. ఫ్రిజ్ మీద దుప్పటి కప్పను. మూడేళ్లు బ్లౌజులు కుట్టి కొన్నాను, అది నిజమే.

అల్లా నిన్ను చల్లగా చూడాలి.

ఆపా

తా.క. పక్కింటి విమలమ్మ పౌడరు రాసుకుని పొద్దుటి నుంచి మూడుసార్లు కరివేపాకు అడగడానికి వచ్చింది. కరివేపాకు చెట్టు వాళ్లింట్లోనే ఉంది.


ముంబయి,
జూలై 17

నా బంగారు ఆపాకు,

యెషయా పంపిన కెమెరా కార్డు అందింది. తొంభై ఒక్క గంటలు! అందులో యాభై రెండు గంటలు చీకటి. తువ్వాలు తీయడం మర్చిపోయావు కదూ? ఫర్వాలేదు. చీకటిని పక్కన పడేశాను.

మిగిలింది చూసి ఏడ్చేశాను. ఒక్కదానివే కుడుతున్నావు, ఒక్కదానివే తింటున్నావు. బుధవారం గోడ వైపు రెండు నిమిషాలు చూశావు ఆపా! ఆ రెండు నిమిషాలే నా సినిమా. నీ జీవితమంతా ఆ గోడలో ఉంది.

ఛోటీ ఆపా ఏడు రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు! నేను అన్నానా? ఇప్పుడు కెమెరా అంది. తెర మీద పెద్ద అక్షరాల్లో వేస్తున్నాను: "ఏడు రోజులు. చెల్లెలు రాలేదు." ఇది నా అభిప్రాయం కాదు, లెక్క.

కన్నీళ్లతో
ముజీబ్

తా.క. విమలమ్మ పంతొమ్మిదిసార్లు వచ్చింది. ఒంటరితనం చెడిపోతోందని పద్దెనిమిది తీసేశాను. నువ్వు రోజూ సాయంత్రం రెండు కప్పులు కడుగుతున్నావు, ఎందుకు? చూసేవాళ్లు తికమకపడతారని అదీ తీసేశాను.


మౌలాలి,
జూలై 20

ముజీబ్‌కు సలాం.

గోడ మీద బల్లి ఉంది. మిషన్ మీద పడుతుందేమోనని చూశాను.

ఆ వాక్యం తీసేయ్. షాగుఫ్తాకు అత్తింటివాళ్లు ఉన్నారు, వియ్యంకులు ఉన్నారు. ఒకసారి తెర మీద పడ్డ మాట మళ్లీ నోట్లోకి పోదు. మీ ఇద్దరి మధ్య మిగిలిన ఆ కాస్త దారీ మూసుకుపోతుంది. ఇంతకంటే చెప్పలేను, ఒట్టు వేశాను. నువ్వు చూసింది చాలు. చీకటిని విను.

ఆపా

తా.క. రెండో కప్పు తీసేయకు. అసలు సంగతి అదే.


ముంబయి,
జూలై 24

ఆపా, ఆపా, ఆపా!

"చీకటిని విను!" ఎంత మాట! మా డైరెక్టర్లు ఎవరూ ఇలాంటి మాట రాయలేదు. సినిమా మొదట్లో నల్ల తెర మీద తెల్ల అక్షరాల్లో వేశాను. కింద నీ పేరు.

రెండో కప్పు సంగతి తెల్లవారుజామున తట్టింది. అది నాది! దూరంగా ఉన్న తమ్ముడికి రోజూ చాయ్ పోసి పెడుతున్నావు. ఆ ముక్క తిరిగి కలిపి, వెనక వేణువు పెట్టాను. సినిమా పేరు కూడా మార్చాను: "రెండో కప్పు".

వాక్యం మాత్రం తీయను ఆపా. తీస్తే పక్షపాతం అవుతుంది. ఆదివారం సీతాఫల్‌మండిలో చిన్న హాలు తీసుకున్నాం. యెషయా వేస్తాడు. నాకు సెలవు ఇవ్వలేదు, రాలేను. బంధువులందరికీ కబురు పంపాను. ఛోటీ ఆపాకు ముందు వరుస ఇచ్చాను. నాకు ఎవరి మీదా కోపం లేదని దీన్నిబట్టి తెలియడం లేదా?

నీ కప్పుకు రుణపడ్డ
ముజీబ్

తా.క. హాలుకు వెలిసిపోయినది ఏదైనా కట్టుకుని రా.


మౌలాలి,
జూలై 28

తమ్ముడు ముజీబ్‌కు ఆపా సలాం, దువా.

నిన్న నీ సినిమా చూశాం. నేనూ షాగుఫ్తా ముందు వరుసలో కూర్చున్నాం. ఆమె వియ్యపురాలు వెనకే ఉంది. బల్లిని చూస్తున్న నన్ను చూసి ఎవరో ముక్కు చీదారు. తర్వాత నీ వాక్యం పడింది. హాలంతా షాగుఫ్తా వైపు తిరిగింది. ఆమె లేచి నిలబడింది.

నేను యెషయా దగ్గరికి వెళ్లాను. కార్డు నీకు పంపే ముందు అతను కాపీ పెట్టుకున్నాడు. "బేటా, చీకటి పెట్టు" అన్నాను. ఏ రోజుది అని అడిగాడు. ఏ రోజుదైనా ఫర్వాలేదన్నాను.

తెర నల్లగా అయింది. షాగుఫ్తా గొంతు వచ్చింది.

"ఆపా, గీ తువ్వాల జారుతుంది, జెర గట్టిగ కట్టు. వాడు పెళ్లిలనే ఇడ్వలె, గిప్పుడు ఇడుస్తడా?"

హాలు నవ్వింది.

"గదంత సరే గని, ఫోన్ చేసిండా వాడు? తింటుండా ఏందీ టైముకు? మొన్న టీవీల ఆ సీరియల్ కింద వాని పేరు పడ్డది, ఆపి ఆపి చూసిన. నేనడిగిన అని చెప్పకు, ఒట్టు. షురూ చేస్తడు మళ్ల."

ఆరు సాయంత్రాలు విన్నాం. ఆరింటిలోనూ నువ్వు తింటున్నావా అనే అడిగింది. ఏడో రోజుది యెషయా పెట్టలేదు, కళ్లు తుడుచుకుంటున్నాడు.

పరదా పాటించే మనిషి నీ కెమెరా ముందు ముసుగు తీసి కూర్చుంటుందని ఎలా అనుకున్నావు? నువ్వూ ఆ ఇంట్లోనే పెరిగావు కదా. నేను తువ్వాలు మర్చిపోలేదు. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆమె వస్తుందని అలాగే ఉంచేదాన్ని. ఆ కప్పు ఆమెది. నీకు చాయ్ పోసి చల్లార్చే తీరిక నాకు లేదు.

షాగుఫ్తా కూర్చుంది. ముసుగు లోపల నవ్విందో ఏడ్చిందో ఏ కెమెరాకూ తెలియదు. నా చెయ్యి నలిపేసింది, ఈ రోజుకీ నొప్పిగా ఉంది.

నేను ఒట్టు తప్పలేదు. ఏమీ చెప్పలేదు, వినిపించమన్నానంతే. అలసిపోయాను ముజీబ్. మీ ఇద్దరి మాటలూ మోసీ మోసీ నా నోరు నొప్పెడుతోంది. ఇకమీద మీరే మాట్లాడుకోండి. ఆమె నంబరు మారలేదు.

అల్లా నీకు తోడుండాలి.

ఆపా

తా.క. 1. విమలమ్మ పద్దెనిమిదిసార్లు ఏమయ్యాయని అడిగింది. జవాబు నువ్వే రాయి. అప్పటిదాకా మాకు కరివేపాకు లేదంది.

తా.క. 2. సెలవు దొరికినప్పుడు రా. మూడో కప్పు పిడి విరిగింది, అయినా పనికొస్తుంది. కెమెరా తెస్తే తే. తువ్వాలు ఉతికి ఉంచాను.