తిన్నారా అని అడిగాను

అమ్మకు కెజియా వందనాలు. ఫోన్‌లో నా గొంతు వింటే కంగారుపడతావని కార్డు రాస్తున్నాను. సైకియాట్రీ పరీక్ష వచ్చే వారమే. డ్యూటీ నుంచి వచ్చి పుస్తకం తెరిస్తే ఒక్క ముక్కా బుర్రకెక్కడం లేదు. నిన్న మాదాపూర్ ఆసుపత్రి ఓపీలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, "ఇగ బతకబుద్ధి అయితలేదు మేడం" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నలన్నీ మర్చిపోయి, "పొద్దున ఏమైనా తిన్నారా?" అన్నాను. భోరుమని ఏడ్చి అంతా చెప్పుకున్నాడు. వార్డులో చేర్చుకున్నాం, వాళ్లక్క తోడుంది. కానీ పరీక్షలో ఇలాగే మర్చిపోతే తప్పుతానమ్మా, చాలా భయంగా ఉంది.

నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నారా? తమ్ముడు రాబిన్‌ని అడిగానని చెప్పు. ఆదివారం చర్చిలో నా కోసం ప్రార్థన చేయించు. "పరీక్ష పోతే పోయిందిలే" అని మాత్రం అనకు. నాకు ఈ పనే కావాలి.

నీ కెజియా