ఏ మైకు ముందు విన్నది

సోమవారం

ప్రియమైన అమ్మకి,

క్షేమంగానే ఉన్నాను. ఫోన్లో నాన్నకి చెప్పాను కానీ, నేను పది మాటలు చెప్తే ఆయన నీకు కాగితం మీద రాసి చూపించేవి రెండే అని నాకు తెలీదా? అందుకే ఉత్తరం. పైగా ఇక్కడ పొద్దున్నే అందరి ఫోన్లూ ఒక పెట్టెలో పడేయించి తాళం వేస్తున్నారు. సినిమా సంగతులు బయటికి పొక్కకూడదట.

షూటింగు మూతబడ్డ నూలుమిల్లులో. పొడుగాటి షెడ్డు. ఈ చివర కార్మిక నాయకుడు ప్రసంగించడానికి వడ్రంగులు కట్టిన చెక్క వేదిక. ఆ చివర ఇనప స్తంభాల మీద మిల్లునాటి అటక. లైట్లవాళ్ళు పెద్దపెద్ద లైట్లన్నీ ఆ అటక మీదికెక్కించి, అవి ఊగకుండా ఇసక బస్తాలు ఆనించారు.

నా గురువుగారి, అదే మా సౌండు రికార్డిస్టుగారి, అసలు పేరు ఇక్కడ ఎవరికీ గుర్తున్నట్టు లేదు. అందరూ సైలెన్సుగారు అంటారు. ఆయన "సైలెన్స్!" అంటే పావురాలు కూడా రెక్కలు ముడుచుకుంటాయి. నన్ను మాత్రం ఇంకా "ఏయ్ కొత్తమ్మాయ్" అనే పిలుస్తున్నారు. మైకు కట్టిన పొడుగాటి బూమ్ కర్ర పట్టుకుని నించునీ నించునీ భుజాలు పడిపోతున్నాయి. నటులు ఊపిరి ఎక్కడ తీసుకుంటారో కనిపెట్టి మైకు అటు తిప్పడం ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది. నా గాజులు తీయించేశారు, నీళ్ళ సీసా మూత చప్పుడైందని ఒకసారి చీవాట్లు పెట్టారు. నువ్వు నవ్వుకుంటున్నావని తెలుసు.

ఒక విషయం అడగాలి. సీను అయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి ఉత్త గది చప్పుడు రికార్డు చేస్తాం కదా, ఎడిటింగులో మాటల మధ్య అతుకులు కనపడకుండా వేసుకోడానికి. ఇవాళ అలా చేస్తుంటే హెడ్‌ఫోన్స్‌లో ఒక చప్పుడు వినపడింది. ముందు టక్ మని. ఆ వెనకే ఎవరో నిద్రలో పళ్ళు నూరినట్టు. వేదిక దగ్గర పెట్టిన మైకులో గట్టిగా, అటక దగ్గరి మైకులో ఉందా లేదా అన్నట్టు. సైలెన్సుగారికి చెప్పాను. ఒకసారి విని, "ఎండకి కప్పు రేకులు సాగుతున్నాయి. కింది శ్రుతి చప్పుళ్ళన్నీ కోసెయ్యాలి" అని మిషను మీద బొత్తాం నొక్కారు. నా చెవిలోంచి అది పోయింది. షెడ్డులోంచి పోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎల్లుండి ఆ వేదిక మీదికి పెద్ద గుంపునెక్కిస్తారు. ఆయనకి మళ్ళీ చెప్పాలా, ఊరుకోవాలా?

నీ జవాబు కోసం కాచుక్కూచునే,
చిట్టి


మంగళవారం

నా చిట్టితల్లికి,

నీ ఉత్తరం మీ నాన్న నాకంటే ముందే చించి చదివేసి, "దానికి అన్నం సరిగ్గా పెడుతున్నారో లేదో రాయలేదే" అని మొహం మాడ్చుకున్నారు. తిన్నావా లేదా ఒక ముక్క రాసి పడెయ్యి, ఆయన బతకనివ్వడం లేదు.

అసలు సంగతి. మీ గురువుగారు బొత్తాం నొక్కితే నొక్కనీ, అది ఆయన మిషను. అటక దగ్గరి మైకు నీ చేతిలో ఉంటే మాత్రం ఏమీ కొయ్యకుండా రికార్డు చెయ్యి. గదిలో ఉన్నది ఉన్నట్టు ఎక్కడో ఒకచోట ఉండాలి. ముప్పై ఏళ్ళు స్టూడియోలో టేపు కోసి అంటించాను. కోసిన ముక్క కోసం చెత్తబుట్టలో చెయ్యి పెట్టి వెతుక్కునే గతి నీకు వద్దు.

ఆయనకి మళ్ళీ చెప్పు. కసురుతారు, కసరనీ. కానీ నీకు వినపడింది చెప్పు, అనుకున్నది చెప్పకు. నీకు వినపడింది ఒక చప్పుడు. వేదిక కూలుతుందన్నది నీకు వినపడలేదు, నువ్వు అనుకున్నావు. ఆ రెండూ కలిపేస్తే వినేవాళ్ళు రెండూ నమ్మరు.

నా చెవులు బాగుంటే నేనే వచ్చి ఆ హెడ్‌ఫోన్స్ లాక్కునేదాన్ని. ఇప్పుడు ఇంట్లో కుక్కరు కూతేసినా మీ నాన్న పరుగెత్తడం చూసి తెలుసుకుంటున్నాను.

మాటిమాటికీ నిన్నే తలుచుకుంటూ,
అమ్మ


గురువారం

ప్రియమైన అమ్మా,

అన్నం తింటున్నాను, నాన్నతో చెప్పు. నీ ఉత్తరం చేతికొచ్చేసరికే నేను చెయ్యాల్సిందీ చెయ్యకూడనిదీ రెండూ చేసేశాను.

నిన్న గుంపంతా వేదిక మీదికెక్కింది. నాయకుడి వేషగాడు ప్రసంగం మొదలుపెట్టాడు. మిషను మీద ఆ కోత బొత్తాం నేను పొద్దున్నే తీసేసి ఉంచాను. సగంలో నా చెవిలో మళ్ళీ టక్. ఈసారి పళ్ళు నూరడం ఆగలేదు. ఏమైందో నాకే తెలీదమ్మా, బూమ్ కర్ర కింద పడేసి, "దిగండి! వేదిక కూలిపోతోంది, దిగిపోండి!" అని అరిచాను. షాటు మధ్యలో! డైరెక్టరుగారు నా దగ్గరికొచ్చారు. మెల్లగా, "ఎవరమ్మా నువ్వు?" అన్నారు. తిట్టినా బాగుండేది.

వడ్రంగి మేస్త్రి మాత్రం కిందికి దూరి చూశాడు. బయటికొచ్చి, "అమ్మాయి చెప్పింది నిజమే, ఒక దూలం నిలువునా చీలింది" అన్నాడు. అంతే, గాలి మారిపోయింది. డైరెక్టరుగారు నాకు కుర్చీ వేయించారు. జూనియర్ ఆర్టిస్టుల్లో ఒక పెద్దావిడ నా బుగ్గలు పట్టుకుని ఏడ్చేసింది. సైలెన్సుగారు తన టీ గ్లాసు నా చేతికిచ్చారు. నాకెంత గర్వంగా ఉందంటే, నిద్ర పడితే ఒట్టు.

ఇవాళ వేదిక మొత్తం విప్పేశారు. మళ్ళీ కట్టేదాకా గుంపు సీన్లన్నీ ఆ చివర, అటక కింద తీస్తారట. అక్కడ నీడ కూడా బాగుందని అందరూ సంతోషం.

కానీ అమ్మా, మధ్యాహ్నం నేను గది చప్పుడు రికార్డు చేస్తుంటే మళ్ళీ అదే వినపడింది. టక్, పళ్ళు నూరడం. వేదికే లేనప్పుడు! పరుగెత్తి సైలెన్సుగారికి చెప్పాను. పక్కనున్న మేనేజరు, "ఉన్న వేదిక పీకించావు, ఇంకేం మిగిలిందమ్మా కూలడానికి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది.

రేపు హీరోగారు రారు కాబట్టి సెలవు, కానీ నిన్నటి గొడవ బయటికి పొక్కుతుందని ఫోన్లు మాత్రం పెట్టెలోనే ఉంచేస్తారట. ఎల్లుండి పొద్దున అటక కింద అందరితో పెద్ద షాటు. కంపెనీ వ్యాను అటు వస్తుంటే ఈ ఉత్తరం దాంట్లో పంపుతున్నాను.

కాళ్ళూ చేతులూ ఆడక,
నీ చిట్టి


శుక్రవారం

చిట్టీ,

పక్కింటాయన బస్సు డ్యూటీకి బయల్దేరుతున్నాడు. ఆయన బస్సు మీ మిల్లు గేటు ముందునుంచే పోతుంది. ఉత్తరం నీ చేతికే ఇమ్మని చెప్పాను. నాన్న ఇందాకణ్ణించీ ఫోను కొడుతూనే ఉన్నారు, ఎవరూ ఎత్తడం లేదట. మీ తాళంపెట్టె మండిపోనూ.

జాగ్రత్తగా చదువు. ఒక మైకులో గట్టిగా వినపడినంత మాత్రాన చప్పుడు దాని దగ్గరే పుట్టినట్టు కాదు. మాటలు నెమ్మదిగా ఉన్నాయని వేదిక మైకుకి స్థాయి పెంచి ఉంటారు, అందుకని అన్నీ దాంట్లోనే పెద్దగా పడతాయి. పెద్దదేదో చూడకు. ముందేదో చూడు.

రెండు మైకులూ ఒకే మిషన్లోకి ఎక్కాయి కదా. కంప్యూటర్లో రెండు గీతల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి, ఆ టక్ ఉన్నచోట బాగా పెద్దది చేసి చూడు. చప్పుడు ఎటునుంచి బయల్దేరిందో ఆ వైపు మైకు గీత ముందు కదులుతుంది. వెంట్రుకవాసి తేడా అయినా తేడాయే. ఒకటి చూసి వదిలెయ్యకు, రికార్డయినవన్నీ చూడు.

అటక మైకు ముందు విన్నదని తేలితే, ఎవరినీ బతిమాలుకుంటూ నించోవద్దు. జనాన్ని ఆ నీడలోంచి లాగెయ్యి. ఉద్యోగం పోతే ఇంటికి రా.

అమ్మ


ఆదివారం

నా ప్రాణమైన అమ్మకి,

నేను బాగానే ఉన్నాను. ఒంటిమీద గీత కూడా పడలేదు. మిగతాది వరసగా చెప్పనీ, లేకపోతే చెప్పలేను.

బస్సు దారిలో చెడిపోయిందట. పక్కింటి అంకులు గేటు దగ్గర ఉత్తరం నా చేతిలో పెట్టేసరికి నిన్న పొద్దున అయింది. అప్పటికే గుంపు అటక కింద కుదురుకుంటోంది. షెడ్డు వెనక గదిలో మా కంప్యూటరుంది. అక్కడికి పరుగెత్తి రెండు గీతలూ పైనా కిందా పెట్టాను. వేదిక గీత కొండలా ఉంది, అటక గీత చీమ పాకినట్టుంది. పెద్దది చేశాను. చీమ ముందు కదిలింది. ఇంకోటి చూశాను, మళ్ళీ చీమే. అన్నిట్లోనూ అటకే ముందు విన్నదమ్మా. వేదిక దూలం చీలడం నిజమే గానీ, నేను విన్నది దాన్ని కాదు. ఆ జనాన్నందర్నీ తీసుకెళ్ళి అటక కింద నిలబెట్టించింది నేనే.

ఎలా వెళ్ళానో తెలీదు. సైలెన్సుగారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మిషను ముందున్నారు, రికార్డింగు మొదలైపోయింది. ఆయన చెవి మీంచి ఒక పక్క లాగి, "సార్, నేను చెప్పింది తప్పు. అటక మైకు ముందు విన్నది. అన్నిసార్లూ" అన్నాను.

ఇంకొకరైతే అర్థం చెప్పాల్సొచ్చేది. ఆయన నా మొహంలోకి ఒక్కసారి చూశారు, లేచారు. "బయటికి! అందరూ తలుపువైపు! నడవండి!" ఆ గొంతుకి లొంగడం అందరికీ అలవాటే కదా. డైరెక్టరుగారితో సహా కదిలారు. నేను పెద్దావిడ చెయ్యి పట్టుకుని తలుపుదాకా లాక్కొచ్చాను. వెనక్కి చూస్తే అటక మీది లైట్లాయన నిచ్చెన దిగలేక బిగుసుకుపోయి ఉన్నాడు. సైలెన్సుగారు నిచ్చెన కింద నించుని, "నన్ను చూడు, కాలు కింద పెట్టు, ఇంకోటి" అంటున్నారు. లైట్లాయన నేలమీదికి దూకి పరుగెత్తాడు. అప్పుడు అటక ఇనప స్తంభం మోకాలు మడిచినట్టు మధ్యలో మడతపడింది.

తర్వాత దుమ్ము తప్ప నాకేమీ కనపడలేదు.

ఇవాళ పోలీసులు సోమవారం నుంచి ఉన్న రికార్డింగులన్నీ అడిగారు. ఎక్కడా కొయ్యకుండా కాపీ తీసివ్వమన్నారు. నిన్న కూడా మిషను ఆగలేదమ్మా, అన్నీ ఉన్నాయి. నిన్నటిది మొదటిసారి ఒక్కదాన్నే కూచుని విన్నాను. నువ్వు వినలేవు కాబట్టి నీకు రాస్తున్నాను.

ముందు పరుగులు. ఆయన గొంతు. నిచ్చెన మెట్ల మీద చెప్పుల చప్పుడు. తర్వాత ఆ పళ్ళు నూరడం, ఈసారి ఎంత పెద్దదంటే తెరమీద గీత పైఅంచుకి కొట్టుకుంది. తర్వాత మైకు మీద ఇసక జారుతున్న చప్పుడు, చాలాసేపు. దూరంగా దగ్గులు. అసిస్టెంటు డైరెక్టరు ఒక్కొక్కళ్ళనీ పిలుస్తున్నాడు. "మేకప్ అక్కా?" "ఉన్నా." "కెమెరా అన్నా?" "ఇక్కడే." జూనియర్ ఆర్టిస్టులు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పలుకుతున్నారు. లైట్లాయన ఏడుస్తూ, "నేను ఉన్నాను, ఆయనేరీ?" అంటున్నాడు.

"సైలెన్సుగారూ?"

ఎవరూ పలకరు. మళ్ళీ పిలుస్తాడు. పలకరు.

అక్కణ్ణించి ఒక ఆడమనిషి కేకలు. "సార్! సార్!" అని గొంతు చిరిగిపోయేలా, ఆపకుండా. ఎవరిదబ్బా ఈ గొంతు అనుకున్నాను. నాదే. అలా అరిచినట్టు నాకు గుర్తే లేదు.

ఆ కేకల అడుగున ఇనప ముక్క కదిలిన చప్పుడు. మైకుకి బాగా దగ్గర్లో ఒక దగ్గు. తర్వాత, విసుగ్గా,

"అరవకమ్మా. వినపడుతోంది."

కాలు విరిగింది, పక్కటెముక బీటవారింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు. సాయంత్రం ఆసుపత్రిలో చూసొచ్చాను. ఆయన అడిగిన మొదటి మాట, "కాపీలో ఎక్కడా కొయ్యలేదు కదా?" కొయ్యలేదని చెప్పాను. ఆయన బొత్తాం నొక్కి నన్ను పంపేసింది కూడా అందులో ఉంది, నేను తప్పు చెప్పి అరిచిందీ ఉంది. ఆయన కొంచెం పక్కకి జరిగి మంచం అంచున చోటిచ్చారు, కూచున్నాను.

ఇంకో పేజీ రాసే ఓపిక లేదు, కానీ పెన్ను కింద పెట్టబుద్ధి కావడం లేదు.

నీ కూతురు