ఫ్లెక్సీలో ఫిరంగి

నవంబర్ 19

బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. ఈ ఊరి నుంచి నేవీకి వెళ్ళినవాళ్ళందరి ఫోటోలు — ముసలివాళ్ళవి పైన, ఇప్పటివాళ్ళవి కింద. కింది వరుసలో మా ఆయన, తెల్ల బట్టల్లో. పక్కన ఫిరంగి. కోట బురుజు మీద ఉండేలాంటిది, చక్రాలతో సహా!

కూరగాయల సంగతి మరచిపోయి నిలబడ్డాను. పక్కింటి సుజాతక్క మోచేత్తో పొడిచింది. "నీ మొగడు ఫిరంగి పేలుస్తడట గదనే! చెప్పనేలేదు."

తల దించుకున్నాను. ఆయన ఓడలో వంట చేస్తారు.

నవంబర్ 20

ఫ్లెక్సీ కట్టిన కమిటీవాళ్ళకు మామే చెప్పారట, కొడుకు ఫిరంగి పేలుస్తాడని. ఆయన ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ మామ ఊరంతా ఇదే చెబుతున్నారు. కొడుకు అంత దూరం పోయింది గరిటె పట్టడానికా అని ఎవరైనా అంటే... మామకు నామోషీ.

సముద్రం ఎక్కడ, ఈ ఊరెక్కడ. మామ చిన్నప్పుడు మొదట ఒకాయన నేవీకి వెళ్ళాడట. రిటైరై వచ్చి కాలువలో పిల్లలకు ఈత నేర్పాడు. ఆ ఈతతోనే ఒకరి వెనక ఒకరు నేవీకి. మా ఆయనా ఆ కాలువ పిల్లవాడే. అందుకే డిసెంబర్ నాలుగున, నేవీ డే నాడు, ఊళ్ళో పండుగ. చెరకు ట్రాలీ మీద ఓడ కడుతున్నారు, ఊరేగింపుకి. తర్వాత ఒక్కో ఇంటివాళ్ళూ స్టేజీ ఎక్కి, తమ మనిషి అక్కడ ఏం చేస్తాడో మైకులో చెప్పాలి.

నవంబర్ 22

ఆయన ఫోన్. ఎవరో ఫ్లెక్సీ ఫోటో పంపారట. ఓడలో అందరూ చూశారు. "ఫిరంగి సాబ్, చాయ్ అయిందా?" అంటున్నారట. ఆయనా నవ్వుతున్నారేమో అనుకున్నాను. నవ్వడం లేదు.

"లీవు దొరికింది. గని నేను రాను."

"ఎందుకు?"

"బాపు స్టేజీ మీద అబద్ధం చెప్తడు. పక్కన నేను నిలవడాలె. నాతోని కాదు. నిజం చెప్తనంటె వస్త. లేకుంటె గీ లీవు ఈడ్నే గడుపుత."

నాట్లప్పుడు వెళ్ళారు. కోతలు కూడా అయిపోయాయి.

నవంబర్ 23

పెళ్ళయినప్పటి నుంచి మామతో నేరుగా ఒక్క మాట లేదు. మా ఇళ్ళల్లో అంతే. నేను వంటింటి గడపలో ఉంటాను, మామ వసారాలో. "కోడలికి చెప్పు, కూరల ఉప్పు తక్కువైంది" అంటారు అత్తతో. నాకు వినబడుతుంది. అయినా అత్త లేచి వచ్చి నాకు చెబుతుంది.

అందుకే ఇదీ అత్తకు చెప్పాను, అంతా. అత్త మంచిది, కానీ మామంటే భయం. వెళ్ళి ఏమన్నదో విన్నాను — "పిలగానికి లీవు దొరుకుతదో లేదోనట."

అంతేనా అత్తా!

నవంబర్ 24

అత్తతో మళ్ళీ చెప్పి పంపాను. ఈసారి — "ఫ్లెక్సీ మంచిగున్నదన్నడట పిలగాడు."

సాయంత్రం కూరలో ఉప్పు వేయలేదు. మరచిపోయాను. నిజంగానే.

నవంబర్ 26

నేనే చెబుతాను.

నవంబర్ 27

చెప్పలేదు. వాకిట్లో మామ ఎదురుపడ్డారు... కొంగు సర్దుకుని లోపలికి వచ్చేశాను.

నవంబర్ 28

ఆయన చెప్పినవి గుర్తుకొస్తున్నాయి. సముద్రం లేచినప్పుడు గిన్నెలు సగమే నింపాలట. పొయ్యి చుట్టూ ఇనుప కమ్మీలు బిగించాలి, లేకపోతే పప్పంతా నేల మీదే. మొదటిసారి వాంతులు చేసుకుంటూనే వండారట. ఆ రోజు ఎవరూ పస్తు లేరు.

ఇందులో దాచాల్సింది ఏముంది? నాకు అర్థం కాదు.

నవంబర్ 30

మబ్బు పట్టింది. కల్లంలో వడ్లు ఎండబోసి ఉన్నాయి. అత్త మోకాళ్ళ నొప్పితో ఇంట్లోనే ఉంది. మామ, నేను — ఇద్దరమే. ఒక్క మాట లేకుండా కుప్ప చేశాం. పరదా కప్పాలి. మామ ఒక అంచు పట్టుకుని ఆకాశం వైపు చూస్తూ — "గా కొస గట్టిగ పట్టాలె."

ఎవరితో అన్నారు? అత్త లేదు కదా.

పట్టాను. పట్టుకునే అన్నాను — "మామా, ఆయన వంట చేస్తడు. ఫిరంగి కాదు. గా మాట మీరు చెప్తెనే వస్తడట."

గాలికి పరదా కొట్టుకుంటోంది. వినబడలేదేమోనని మళ్ళీ అన్నాను, గట్టిగా. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

మామ తాడు ముడివేశారు. దాని మీద ఇంకో ముడి. "వాన జర్రసేపట్ల వస్తది" అని వెళ్ళిపోయారు.

వాన రాలేదు.

డిసెంబర్ 1

అత్త వంటింట్లోకి వచ్చి — "ఏంది పిల్లా, మామతోని మాట్లాడినవట! మా అత్త కాలంల అయితే..." ఆగింది. వసారా వైపు చూసి, మెల్లగా — "ఏమన్నడు?"

"వాన వస్తదన్నడు" అన్నాను.

భయంగా ఉంది. తప్పు చేశానని మాత్రం లేదు.

డిసెంబర్ 2

ఆయన ఫోన్. "బాపు ఒప్పుకున్నడా?"

అవునంటే వచ్చేస్తారు. కానీ ఒక్క అబద్ధమే ఇంత దూరం తెచ్చింది. ఇంకొకటి నేను కలపను.

"తెల్వది. మీరైతె రాండ్రి. మామ చెప్పకుంటె నేను చెప్త."

"నువ్వా? మైకుల?" నవ్వారు, ఇన్ని రోజులకు. "పేరడిగితెనే కొంగు నోట్లె పెట్టుకుంటవు."

"రాండ్రి."

"చూస్త."

డిసెంబర్ 3

"మా ఆయన ఓడల వంట చేస్తడు." అద్దం ముందు అన్నాను. బర్రె దగ్గరా అన్నాను. అది మేత ఆపి చూసింది.

గోడ మీదుగా సుజాతక్క — "ఎవలతోనే ముచ్చట?"

"మైకుతోని" అన్నాను.

డిసెంబర్ 4

ఆయన సికింద్రాబాద్‌లో రైలు దిగారట, మా వైపు వచ్చే బాన్సువాడ బస్సెక్కారట. స్టేజీ వేళకు అందుకుంటారో లేదో.

మామ తెల్లచొక్కా వేసుకుని వసారాలో కూర్చున్నారు. అత్త పక్కనే ఉంది. అయినా మామ గడప వైపు తిరిగారు. నా మొహం చూసి — "ఏం వండుతడు వాడు ఆడ?"

చెప్పాను. పొద్దున పూరీ. పంజాబువాళ్ళకు రాజ్మా, కేరళవాళ్ళకు చేప.

"మనయి వండడా?"

"ఒకపారి సర్వపిండి చేసిండట మామా. అందరు ఇంక కావాలన్నరట."

మామ నవ్వలేదు. "సర్వపిండి వానికెవలు నేర్పిన్రు?"

అత్త చీర అంచు నలుపుతోంది. "నేనే" అన్నది.

మామ అత్తను చాలాసేపు చూశారు. లేచి చెప్పులు వేసుకున్నారు. వాకిట్లో మా కోసం ఆగారు. మైకు దగ్గర ఏమంటారో తెలియదు.

అత్త పిలుస్తోంది. నేను ముందు వరుసలోనే కూర్చుంటాను — మామ చెప్పకపోతే మైకు అందుకోవాలి కదా.