కీసరగుట్టా, ట్రాన్స్‌ఫర్ కేసూ

నాచారం

అక్కయ్యకు తమ్ముడు సుబ్బారావు నమస్కరించి రాసేది. మేమందరం కులాసా. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? అసలీ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. సెల్‌ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని కోడలు కూడా అంది. కొంప మునిగింది ఆ ఫోన్‌లోనే కదా, అందుకని కాగితం తీశాను.

మన ప్రసాదుకు బదిలీ కాలేదు. ముందు ఇది చదువుకుని మంచినీళ్లు తాగు. పాడైంది బావగారి జీపు.

బావగారు పోయాక నువ్వు నాకిచ్చిన ఆ జీపులో గేరుపెట్టె వెనక ఇంకో ఇనప పెట్టె ఉంటుంది. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచడం దాని పని. దాన్ని ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. తెలుగులో ఒక పేరు పెట్టి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. పంపకాల పెట్టె అనొచ్చు. అది వింటే కోడలు ఆస్తి అనుకునేది, అది వేరే సంగతి.

వానలు ఆగినప్పటి నుంచీ అది మూలుగుతూ వచ్చింది. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు దానంతటదే జారిపోయేది. కార్తీకంలో శివుడి దర్శనానికి నిన్ను ఈ జీపులోనే కీసరగుట్ట ఎక్కిస్తానని మాటిచ్చాను. సగం ఎక్కాక గేరు జారితే? ఆ తలపుతోనే బండిని షెడ్డుకు తోలాను.

ఉప్పల్ షెడ్డులో మెకానిక్ యాదగిరి పెట్టె విప్పి చూపించాడు.

"నీ పండ్ల లెక్కనే అరిగినయ్ పెద్దాయనా. నువ్వు ఎట్లనో నములుతున్నవ్, దీనికైతే శాతనైతలేదు."

"పాత ఇనుముకేనా?"

"గట్లెందుకంటవ్? పండ్లచక్రాలు, బేరింగులు మార్వాలె. పైపెట్టె మంచిగనే ఉంది."

ఆ సంతోషంలో ఆఫీసులో ఉన్న ప్రసాదుకు ఫోన్ చేసి, "ఒరేయ్, ట్రాన్స్‌ఫర్ కేసు తేలిపోయింది. మార్చక తప్పదట" అన్నాను. రాష్ట్రం విడిపోతే ఎవరిని ఎటు వేస్తారోనని మనవైపు గుమాస్తాలంతా గోళ్లు కొరుక్కుంటున్న రోజులని నాకు తట్టలేదు.

"ఎవరు చెప్పారు నాన్నా?"

"యాదగిరి."

"ఏ సెక్షన్ యాదగిరి?"

సెక్షన్ కాదురా, షెడ్డు అనేలోగా ఫోన్ కట్టయింది. నేను ఇల్లు చేరేసరికి వాడు చొక్కా అయినా విప్పకుండా గడపలో కూర్చున్నాడు. అప్పటికే కోడలు నీకు ఫోన్ చేసి ఏడవడం, నువ్వు కొబ్బరికాయ మొక్కుకోవడం అయిపోయాయి. ఆ మొక్కు రద్దు చేయకు. జీపుకు మళ్లించు.

ఇవాళ పొద్దున బండి చేతికొచ్చింది. ఒక్కణ్ణే వెళ్లి గుట్ట ఎక్కించాను. గేరు జారలేదు, స్టీరింగు మీద చేతులు మాత్రం చెమటకు జారాయి. తిరిగొచ్చి చెబితే యాదగిరి నవ్వలేదు.

"గప్పుడే సంబురపడకు. బండి కింద పేపర్ ఎయ్యి. నూనె సుక్క పడితే మళ్ల తోల్కరా. పడకుంటే అక్కను పిలువు."

సాయంత్రమే వేశాను. అందుకే ఈ ఉత్తరం రేపటిదాకా అంటించకుండా ఉంచుతున్నాను. నువ్వు వచ్చేటప్పుడు కాస్త చింతకాయ పచ్చడి తీసుకురా, ఇక్కడ దొరికేదాంట్లో మనవైపు పులుపు ఉండదు. పిన్నికీ, మాస్టారికీ నమస్కారాలు చెప్పు. పెద్దదానివి, నన్నూ జీపునూ కలిపి దీవించు.

నీ తమ్ముడు
సుబ్బారావు

పొద్దున్నే చూశాను. కాగితం పొడిగానే ఉంది. అయినా అది తీసేసి కొత్త కాగితం వేశాను.