రెండొందల యాభై డిగ్రీల రింగు

మంగళగిరి, మార్చి 4

ప్రియమైన ప్లాస్టిక్ పండితుడు దుర్గాప్రసాద్‌కి,

ఫోన్ ఎత్తవు గనక రాస్తున్నాను. మా రంగుతొట్టికి ఆవిరి వదిలే వాల్వులో నువ్వు అమ్మిన రింగు పదకొండో రోజుకే మెత్తబడి సాగింది. ‘పీక్ ప్లాస్టిక్‌రా, రెండొందల యాభై డిగ్రీలకీ చెక్కుచెదరదు’ అని కోతలు కోశావు. నూటయాభైకే చేతులెత్తేసింది. ఆవిరి కొట్టి మా పేరమ్మ కుడిచెయ్యి కాలింది. ఇరవై రెండేళ్లుగా మా షెడ్డులో రంగులు వేస్తున్న మనిషి. సిగ్గుంటే జవాబు రాయి.

నీ మార్కండేయులు

గుంటూరు, మార్చి 9

ప్రియమైన రంగుల మారాజుకి,

ఆవిరంటే నీకు ఇడ్లీపాత్ర దాకానే తెలుసు. పీక్ కరగాలంటే మూడొందల నలభై దాటాలి. నా రింగుకి సర్టిఫికెట్ ఉంది, జతచేశాను. మీ పేరమ్మకేముంది, వేలిముద్రా? వాల్వు ఒక్కసారిగా తిప్పేసి ఉంటుంది. ముందామెను పంపించి చదువుకున్నవాణ్ణి పెట్టుకో. కొత్త రింగు పంపుతున్నా, పండగ చేసుకో.

నీ దుర్గాప్రసాద్

మంగళగిరి, మార్చి 13

ప్రియమైన దుర్గాకి,

సర్టిఫికెట్ చూశాక నీ మాటే నిజమనిపించింది. పేరమ్మను మాన్పించాను. ‘ఎప్పుడూ తిప్పినట్టే తిప్పానండి’ అంటూనే ఉంది. తప్పు చేసినవాళ్లంతా అదే అంటారు.

నీ మార్కండేయులు

మంగళగిరి, మార్చి 18

దుర్గాప్రసాద్‌కి,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ కొత్త రింగు వచ్చిన రోజే పేరమ్మ తన అన్నం గిన్నె తీసుకుపోవడానికి వచ్చింది. రింగుని తిప్పి తిప్పి చూసి, పట్టు ఉడుకుతున్న ఎర్రరంగు తొట్టిలో పడేసింది. బాయిలర్‌తో పాటు కంపెనీ ఇచ్చిన, అరిగిందని నేను తీసేసిన పాత అసలు పీక్ రింగు కూడా వేసింది. నేను అరిచాను, పట్టించుకోలేదు. అరగంటకి రెండూ తీసి కడిగింది. పాతది మామూలు రంగుకి వచ్చేసింది. నీది ఎంత రుద్దినా ఎర్రగానే ఉంది.

“నైలానండీ ఇది. పట్టులాగే రంగు తాగుద్ది. మా పుట్టింట్లో వలలకి ఇలాగే రంగేసేవాళ్లు” అంది.

నైలాన్‌ని పీక్ అని అమ్మావు. థూ, నీదీ ఒక బతుకేనా? ఏ పోగు రంగు తాగుతుందో, ఏది తాగదో రోజూ చూసేవాణ్ణి, తొట్టి పక్కనే నిలబడి నీ కాగితం నమ్మాను. నాదీ ఒక బతుకేనా?

మళ్లీ పనిలోకి రమ్మని బతిమాలాను. “రింగు ఎర్రబడింది గనక నమ్మారు. ఎర్రబడకపోతే నేను దొంగనేగా” అని కట్టుకట్టిన చేత్తోనే గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది.

పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాను. అందులో నీ పేరు పక్కన, ఆమెను మాన్పించినవాడిగా నా పేరూ రాశాను. ఇద్దర్నీ పిలుస్తారు. అక్కడ నా పక్కన కూర్చోకు.

మార్కండేయులు